నోటు మాదిరే అని చెప్పింది నేనే

బ్యాంకు వాకిలి పక్కన కట్టిన ఫ్లెక్సీలో ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది. చేతిలో ఫోను, తలలో కనకాంబరాలు, వెనక మా యూనిట్ షెడ్డు. ఫోటోకు నిలబడమని ఆమెను ముందుకు తోసింది నేనే. ఎండకు రంగు వెలిసి మొహం సగం తెల్లబడింది గానీ ఆ నవ్వు మాత్రం పోలేదు. రోజూ ఆ దారినే పనికి పోవాలి. అక్కడికి రాగానే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను. డిజిటల్ రూపాయి అన్న మాట ఎవరి నోట విన్నా నాకు ఒళ్లు మండుతుంది. ఆ మంటలో సగం నా మీద నాకే.

రాజపాళయంలో ఆస్పత్రులకు పోయే బ్యాండేజీ బట్ట తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో నేను సూపర్‌వైజర్‌ని. ఇరవై మంది దాకా ఆడవాళ్లు నా చేతికింద ఉన్నారు. కోత మిషన్ దగ్గర కొందరు, చుట్టేవాళ్లు కొందరు, బల్ల ముందు కూర్చుని మడతలు పెట్టేవాళ్లు కొందరు. ఫ్లెక్సీలో ఉన్న ఆమె సేత్తూరు నుంచి బస్సులో వచ్చేది. చేరిన కొత్తలో కోత మిషన్ మీద వేశాను. చేతివేగం అలాంటిది మరి.

చేరిన మూడో నెలలో ఒక మధ్యాహ్నం, అందరూ అన్నాలకు కూర్చున్న సమయంలో, వెనక కొళాయి దగ్గర ఆమె పడిపోయింది. గిన్నె కడుక్కుందామని వెళ్లిన నేనొక్కదాన్నే చూశాను. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోట నురగ. మా మేనత్తకు ఇలాగే వచ్చేది కాబట్టి ఏం చేయాలో తెలుసు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద నా కొంగు పెట్టి కూర్చున్నాను. కాసేపటికి కళ్లు తెరిచింది. నీళ్లు అడగలేదు, ఎక్కడున్నానని అడగలేదు.

"ఎవరైనా చూసినారా అక్కా?" అంది.

"ఎవరూ చూసేలేదు. లే," అన్నాను. నిజానికి నేను చుట్టూ చూడను కూడా లేదు. ఆమె భయం చూసి నోటికొచ్చింది చెప్పాను.

తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. చిన్నప్పటి నుంచీ మూర్ఛ. మాత్రలు వేసుకుంటే రాదు, ఆ రెండు రోజులు చేతిలో డబ్బులాడక మానేసిందట. పుట్టింటివాళ్లు పెళ్లప్పుడు దాచారు. దాచినవాళ్లు ఇప్పుడు లేరు, దాపరికం మాత్రం ఈమె నెత్తిన మిగిలింది. "ఇంటాయనకు తెలిస్తే ఇన్నేండ్లు మోసం చేసినావంటాడక్కా. అత్తకు తెలిస్తే ఊరికంతా తెలిసినట్టే," అంది. మర్నాడే ఆమెను కోత మిషన్ మీద నుంచి తీసి మడత బల్లకు మార్చాను. ఎందుకని అడిగితే ఆమె మడత శుభ్రంగా ఉంటుందని చెప్పాను. అది అబద్ధం కూడా కాదు.

ఆ రోజు నుంచి ఆమె మాత్రల అట్ట నా సొరుగులోనే ఉండేది. పొద్దున రాగానే ఒకటి, సాయంత్రం బస్సుకు బయలుదేరే ముందు ఒకటి. ఆదివారానికి రెండు మాత్రలు చించి కొంగున ముడేసుకుని పోయేది. ఇంట్లో ఒక్క మాత్ర కాగితం కూడా కనపడేది కాదు. పన్నెండేళ్లు అలా గడిచింది. పన్నెండేళ్లలో ఆమెకు మళ్లీ మూర్ఛ రాలేదు.

మాత్రలకు డబ్బు ఎక్కడిదంటే, సిరువాడు. మా ఊళ్లో ఆ మాట తెలియని ఆడది లేదు. మాట తమిళులది, పద్ధతి అందరిదీ. ఇంటి ఖర్చులోనో ఓవర్‌టైములోనో కొంచెం మిగిల్చి, మగవాడి కంటపడకుండా పప్పు డబ్బాలోనో పోపుల పెట్టెలోనో దాచుకునే డబ్బు సిరువాడు. అది దొంగతనం అని ఏ మగవాడైనా నా ముందు అంటే ఊరుకోను. ఆ డబ్బుతో మేము మేడలు కట్టలేదు. తల్లికి కళ్లద్దాలు, బిడ్డకు పరీక్ష ఫీజు, మన ఒంటికి వచ్చిన జబ్బుకు మందు, ఇంతే. అడిగితే ఇవ్వరని కాదు. ఇచ్చే ముందు పది ప్రశ్నలు వేస్తారు. ఆ పది ప్రశ్నలు తప్పించుకోవడానికే సిరువాడు.

నాకూ ఉండేది, కందిపప్పు డబ్బాలో, అడుగున. పెద్ద నోట్లు చెల్లవని టీవీలో చెప్పిన సాయంత్రం నేను ఆ డబ్బా ముందు చాలాసేపు కూర్చుండిపోయాను. మార్చాలంటే బ్యాంకుకు పోవాలి, బ్యాంకుకు పోవాలంటే మా ఆయనకు చెప్పాలి. తెచ్చి ముందర పెట్టాను. పప్పు పొట్టు అంటిన నోట్లు చూసి ఆయన తిట్టలేదు. నవ్వాడు. "దొంగ ఇంట్లోనే ఉండాదే," అని పక్కింటాయనను పిలిచి మరీ చూపించి నవ్వాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది. మంచివాడే. కానీ ఆ నవ్వును ఇప్పటికీ క్షమించలేదు.

ఇంత అనుభవం ఉన్నదాన్ని, మళ్లీ ఎలా బోల్తాపడ్డానో చెప్తాను.

కిందటేడు దీపావళికి ముందు మా మొదలాళి, అంటే మా ఓనరు, ఒక బ్యాంకు మనిషిని వెంటబెట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు. ఈసారి దీపావళి బోనస్ కవర్లో నోట్లు పెట్టి ఇవ్వబోమని, డిజిటల్ రూపాయిగా ఫోనులోకి వేస్తామని, ఆ బ్యాంకు బ్రాంచి తరఫున కొంతమంది పనివాళ్లను ఇందులో చేర్చాలని మొదలాళి చెప్పాడు. ఆడవాళ్లు ఒక్కరూ పలకలేదు. ఎందుకు పలుకుతారు? జీతం అకౌంటులో పడుతుంది, ఆ మెసేజీ మొగుడి ఫోనుకే పోతుంది. పాసుబుక్కు ఆయన బీరువాలోనే ఉంటుంది. చేతికి నోట్లుగా వచ్చేది బోనస్ ఒక్కటే. సిరువాడుకు పెద్ద పండగ అదే.

మొదలాళి నన్ను పక్కకు పిలిచాడు. వయసులో నాకంటే చిన్నవాడు. "వాళ్లు మీ మాట వింటారక్కా. మీరు ఒక మాట చెప్పినారంటే ముగిసిపోయె," అన్నాడు. నాకు అక్కడే ఒళ్లు పొంగింది. ఇరవై మంది నా మాట వింటారన్న సంగతి నాకు అంత ఇష్టం.

సరే, ఊరికే తలూపే రకం కాదని చూపించుకోవాలి కదా. టీవీ చర్చల్లో విన్న ప్రశ్న ఒకటి తీసి ఆ మనిషి మీద వేశాను. మేము ఎవరికి ఎంత ఇచ్చామో సర్కారు చూస్తుందా అని అడిగాను. ఆయన తమిళంలో తియ్యగా చెప్పాడు. "మీరు కూరగాయలు కొన్నది ఎవరు చూస్తారమ్మా? ఇది అకౌంటు కాదు. పాసుబుక్కులో ఎక్కదు. నోటు జేబులో ఉన్నట్టు ఇది ఫోనులో ఉంటుంది. నోటు మాదిరే." పెద్ద ప్రశ్న వేశానని నాకు గర్వం. మమ్మల్ని ఢిల్లీలో కూర్చుని ఎవరో చూస్తారని నా భయం. మమ్మల్ని చూసే కళ్లు వంటింటి గడపకు ఇవతలే ఉన్నాయని నాకు తెలుసు. అయినా ఆ కళ్ల గురించి ఒక్క మాట అడగలేదు.

ఆ సాయంత్రం మాత్ర వేసుకోవడానికి వచ్చిన ఆమె నా సొరుగు దగ్గర నిలబడి అడిగింది.

"అక్కా, ఇంట్లో తెలిసేది లేదు కదా?"

"పాసుబుక్కులో ఎక్కదంట. నోటు మాదిరేనంట. నువ్వు సుమ్మా దిగులుపడొద్దు."

"నువ్వు చెప్తే సరి," అంది.

బోనస్ పడింది. డిజిటల్ రూపాయి ఫ్లెక్సీకి ఫోటో కావాలన్నారు బ్యాంకువాళ్లు. అందరిలోకీ మొహం కళగా ఉండేది ఆమెదే, ముందుకు తోశాను. ఆమె చేతిలో ఉన్నది మొగుడు వాడి ఇచ్చిన పాత ఫోను, సిమ్ము కూడా ఆయన పేరిటే. అది అప్పుడు ఎవరికీ పట్టలేదు.

బస్టాండు దగ్గర నరాల డాక్టరు క్లినిక్ మెట్ల కింద మందుల షాపు ఉంది. ఇన్నేళ్లూ ఆమె అక్కడ నోటిచ్చి మాత్రలు కొని పోయేది. షాపువాడికి ఆమె పేరు కూడా తెలియదు. ఇప్పుడు సిరువాడు ఫోనులో ఉంది కాబట్టి ఫోను చూపించి కొనడం మొదలుపెట్టింది. మొదటిసారి కొని వచ్చి, "సులువుగా ఉండాదక్కా," అని సంబరంగా చెప్పింది. నేను మరీ పొంగిపోయి అటువైపు వచ్చిన మొదలాళికి కూడా ఆ మాట చేరవేశాను.

ఎండాకాలంలో ఆమె ఫోను నీళ్లతొట్టిలో పడింది. మొగుడు కొత్త ఫోను కొన్నాడు, ప్రేమగానే. ఫ్లెక్సీ చూశాక ఫోనులో బోనస్ డబ్బు ఉందని ఆయనకూ తెలుసు, అది పోకూడదని సిమ్ము తీసుకుని తానే బ్యాంకుకు పోయాడు. కౌంటరులో ఉన్న అమ్మాయి నంబరు సరిచూసి, ఏవో నొక్కి, ఒక్క రూపాయి కూడా పోకుండా మొత్తం తిరిగి తెప్పించింది. రూపాయలతో బాటు రాతలు కూడా తిరిగి వచ్చాయి. ఎప్పుడు, ఎంత, ఎవరికి అన్నీ ఉన్నాయి. ఏడు నెలలు, ఏడు వరసలు, ఏడింటిలోనూ అదే మందుల షాపు పేరు. ఆయన చదువుకున్నవాడే, లారీ షెడ్డులో లెక్కలు చూస్తాడు. నేరుగా ఆ షాపుకే పోయి ఫోను చూపించాడు. షాపువాడు ఆ తేదీలను బట్టి మాత్రల పేరు చెప్పాడు, అవి దేనికో కూడా చెప్పాడు.

మర్నాడు పొద్దున ఆయన మా గేటు దగ్గరకు వచ్చాడు. ఆమెను వెంటబెట్టుకునే వచ్చాడు. ఆమె తల ఎత్తలేదు.

"నీకు తెలుసునా తెలియదా? అది చెప్పు ముందు," అన్నాడు నాతో.

"తెలుసును," అన్నాను.

"పద్దెనిమిది ఏండ్లు అయ్యింది పెండ్లి అయ్యి. దీనికి వలిప్పు, ఈ మూర్ఛ రోగం ఉండేది నీకు తెలుసును, మందు షాపువాడికి తెలుసును, కట్టుకున్న నాకు తెలియదు. నేను ఎవణ్ణి ఆ ఇంట్లో?"

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు జాలి కలగలేదని చెప్పను. కానీ ఆ కన్నీళ్లతోనే గట్టిగా అరిచాడు. షెడ్డు మొత్తం విన్నది. ఆఫీసు గదిలో ఉన్న మొదలాళి కూడా విన్నాడు. ఆ వారమే ఆమెను పనిలోంచి తీసేశారు. "మిషన్లుండే తావులో ఎట్లక్కా? ఏదైనా అయ్యిందంటే నేను జవాబు చెప్పాల. పావం, ఇంట్లో రెస్టు తీసుకోనీ," అన్నాడు మొదలాళి. మడత బల్ల దగ్గర మిషన్ లేదని చెప్పాను. పన్నెండేళ్లు ఏమీ కాలేదని చెప్పాను. మీకు తెలిసీ నాకు చెప్పలేదేమని ఎదురడిగాడు. కావాలంటే నేనూ పని మానేసి ఉండొచ్చు. మానలేదు. నాకు వేరే జీతం లేదు.

ఆ కోపమంతా తీసుకెళ్లి బ్యాంకులో కక్కాను. ఆ మెడలో కార్డు మనిషి నన్ను గుర్తుపట్టి కుర్చీ వేశాడు. కూర్చోలేదు. ఆ ఏడు వరసలూ తుడిచేయమన్నాను. ఇంక తుడిచినా లాభం లేదని నాకు తెలుసు, అయినా తుడవమన్నాను. "ఎవరూ తుడవలేరమ్మా. మేము కూడా తుడవలేం. అదే కదా భద్రత," అన్నాడు.

"నోటు మాదిరే అని చెప్పలేదా మీరు? నోటు ఏ షాపుకు పోయి వచ్చిందో నోటు చెప్తుందా?" అని అరిచాను. లైనులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ఆయన గొంతు తగ్గించి, ఫోను భర్త చేతికివ్వడం వాళ్ల ఇంటి విషయమని, దానికి డబ్బునేం అనగలమని చెప్పాడు. ఆ మాట విన్నాక ఆయనను కొట్టకుండా బయటికి రావడం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. మా ఇళ్లల్లో ఫోను ఎవరి చేతిలో ఉంటుందో తెలుసుకోకుండానే మా చేతుల్లోకి ఈ డబ్బు తోశారు. ఆయన ఇంట్లో కూడా తల్లి ఉంటుంది. ఆవిడకు కూడా ఒక డబ్బా ఉండే ఉంటుంది. వాకిట్లో ఫ్లెక్సీ తీసేయమని అడిగాను. పై ఆఫీసు నుంచి ఆర్డరు రావాలట.

ఆమె ఇంట్లో జరిగింది తర్వాత తెలిసింది. ఇన్నేళ్లు మాత్రలు మింగినా జబ్బు నయం కాలేదంటే అది జబ్బే కాదని అత్త తేల్చేసింది. ఉడుక్కై అనే చిన్న డమరుకం వాయించి కుఱి, అంటే సోదె, చెప్పే కోడంగి దగ్గరకు తీసుకుపోయారు. కులదేవతకు కోపం వచ్చిందన్నాడు ఆ కోడంగి, తాయెత్తు కట్టాడు, నలభై ఎనిమిది రోజులు మందు ముట్టకూడదన్నాడు. పని పోయిన రోజు నా సొరుగులోంచి ఇంటికి పట్టుకుపోయిన మాత్రలు మొగుడే తీసి కాలువలో వేశాడు. పెళ్లాం బాగుపడాలనే వేశాడు. అది నాకు ఇంకా కడుపుమంట.

పదకొండో రోజున పొయ్యి ముందు పడింది. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది.

కాలిన చేతికి కట్టుకట్టించుకుని ఒక శుక్రవారం సంతకు వచ్చిన వంక పెట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఆ కట్టు బట్ట మా యూనిట్‌దే అయ్యుండొచ్చు. లోపలికి పిలిచి తలుపు వేశాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"అక్కా, నాకు మాత్ర కావాల. నోటిచ్చి కొను. ఆ షాపులో వద్దు," అంది. జాకెట్టులోంచి డాక్టరు రాసిన పాత చీటీ తీసి ఇచ్చింది. ఇంట్లో అంత జరిగినా అది మాత్రం ఎక్కడ దాచిందో.

"నా మీద కోపం లేదా నీకు?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"నువ్వు చెప్పినావని నేను నమ్మినానక్కా. నువ్వు ఎవరు చెప్పినారని నమ్మినావు?"

జవాబు కోసం ఆమె ఆగలేదు, మంచినీళ్లు అడిగింది.

అప్పటి నుంచి నెలకోసారి బస్సెక్కి శ్రీవిల్లిపుత్తూరు పోతాను. అక్కడ నన్నెవరూ ఎరగరు. షాపులో కౌంటరు మీద స్కాన్ చేసే అట్ట నిలబెట్టి ఉంటుంది. దాని పక్కన నోటు పెడతాను. మాత్రలు ఇచ్చే ముందు బిల్లుకు పేరు అడుగుతారు. నా పేరే చెప్తాను. ఆ కంప్యూటర్‌లో ఇప్పుడు మూర్ఛ ఉన్నది నాకే. ఉండనీ. నన్ను ఇంట్లో అడిగేవాళ్లు లేరు.

మా ఆయన పోయాక నా కందిపప్పు డబ్బాలో ఏమీ దాచే పని లేకపోయింది, వట్టి పప్పే ఉండేది. ఇప్పుడు అడుగున ఆమె మాత్రల అట్టలు ఉన్నాయి. ఆమె శుక్రవారం శుక్రవారం వచ్చి ఒక వారానికి సరిపడా పద్నాలుగు మాత్రలు చించుకుంటుంది. ఇంటికి పోయి పోపుల పెట్టెలో మెంతుల కింద పెడుతుందట. తాయెత్తు వల్ల నయమైందని వాళ్లింట్లో అందరూ సంతోషంగా ఉన్నారు. కోడంగికి కొత్త పంచె కూడా పెట్టారు. ఆ సంగతి చెప్పి నవ్వింది. ఫ్లెక్సీలో నవ్వు కాదు, అది వేరే నవ్వు.

పోయిన శుక్రవారం మాత్రలు కొంగున ముడేసుకుని, ముడిని బొడ్డులో దోపుకుని, గడప దగ్గర ఆగింది.

"లోపలికి వచ్చేటప్పుడు ఎవరైనా చూసినారా అక్కా?"

ఎవరూ చూడలేదన్న మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. మింగేశాను. వీధి తలుపు తీసి మెట్లు దిగి, ఇటు చివర దాకా ఒకసారి, అటు చివర దాకా ఒకసారి నడిచి చూసి, అప్పుడు లోపలికి వచ్చి చెప్పాను.